స్వీయనిగ్రహమా, లోకభీతియా? కోవిడ్ కాలపు జపాన్ అనుభవంలో సాంస్కృతిక విలువలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కోవిడ్-19 మహమ్మారి తొలి దశలో జపాన్ శిక్షలతో కూడిన లాక్‌డౌన్ విధించలేదు. అయినప్పటికీ అక్కడ నమోదైన మరణాలు పాశ్చాత్య దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. జపాన్ ప్రజల సంస్కృతే ఇందుకు కారణమన్న అభిప్రాయం విస్తృతంగా వ్యాపించింది. ఆ అభిప్రాయంలోని బలాన్నీ, లోపాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వీయనిగ్రహం, మాస్కు ధారణ, లోకభీతి అనే మూడు అంశాల వెనుక ఉన్న చరిత్రను, చట్టాన్ని వివరిస్తుంది. ఒక విలువ సమాజాన్ని కాపాడినప్పుడు ఆ రక్షణకు మూల్యం చెల్లించినవారు ఎవరన్న ప్రశ్నను చర్చిస్తుంది.

కీలకపదాలు: జపాన్, కోవిడ్-19, జిషుకు, సెకెన్, లోకభీతి, మాస్కు, హాన్సెన్ వ్యాధి, వివక్ష.

1. ప్రవేశిక

2020 ఏప్రిల్ 7న జపాన్ ప్రధానమంత్రి షింజో అబే టోక్యో, ఒసాకా సహా ఏడు ప్రిఫెక్చర్లలో అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. ఏప్రిల్ 16న దానిని దేశమంతటికీ విస్తరించారు. మే 25న పూర్తిగా ఎత్తివేశారు. ఈ ఏడు వారాల్లో ఇల్లు విడిచి బయటికి వచ్చిన పౌరుణ్ణి శిక్షించే అధికారం పోలీసులకు లేదు. తెరిచి ఉంచిన దుకాణానికి జరిమానా లేదు. ప్రజలు పరస్పర సంపర్కాన్ని 80 శాతం తగ్గించుకోవాలని ప్రభుత్వం కోరింది. కోరడమే తప్ప శాసించలేదు. అయినా వీధులు బోసిపోయాయి. రైళ్లు ఖాళీ అయ్యాయి. సుమారు పన్నెండున్నర కోట్ల జనాభాలో 65 ఏళ్లు దాటినవారు నాలుగింట ఒక వంతుకు మించి ఉన్న దేశంలో 2020 చివరి నాటికి నమోదైన కోవిడ్ మరణాలు సుమారు 3,500.

ఈ ఫలితానికి కారణమేమిటన్న ప్రశ్నకు 2020 జూన్‌లో నాటి ఉపప్రధాని, ఆర్థికమంత్రి తారో అసో పార్లమెంటులో ఒక సమాధానం చెప్పారు. ఇతర దేశాలవారు అడిగినప్పుడు తమ ప్రజల ‘మిందో’ వేరని తాను జవాబిస్తున్నట్లు ఆయన తెలిపారు. ‘మిందో’ అంటే ఒక జనసమూహపు సంస్కారస్థాయి. ఆ మాటపై స్వదేశంలోనే విమర్శలు వచ్చాయి. అయితే అసో మొరటుగా అన్నదానినే అనేక మంది వ్యాఖ్యాతలు మర్యాదగా అన్నారు. క్రమశిక్షణ, శుభ్రత, ఇతరుల పట్ల శ్రద్ధ అనే గుణాలు జపానీయుల రక్తంలోనే ఉన్నాయన్నట్లుగా రాశారు. ఈ వివరణ ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. సాంస్కృతిక వివరణ: సిద్ధాంత నేపథ్యం

ఒక దేశాన్ని దాని విలువల ద్వారా అర్థం చేసుకోవాలన్న ప్రయత్నం కొత్తది కాదు. జపాన్ విషయంలో అమెరికన్ మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ 1946లో ప్రచురించిన ‘ది క్రిసాంథిమమ్ అండ్ ది స్వోర్డ్’ ఈ ధోరణికి ప్రసిద్ధమైన ఉదాహరణ. పాశ్చాత్య సమాజాలను అపరాధభావ సంస్కృతులుగా, జపాన్‌ను సిగ్గు ప్రధానమైన సంస్కృతిగా ఆమె విభజించారు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనం ఆ గ్రంథానికి మూలం. బెనెడిక్ట్ జపాన్‌లో అడుగుపెట్టకుండానే ఆ అధ్యయనం సాగింది. 1980లో డచ్ పరిశోధకుడు గేర్ట్ హాఫ్‌స్టెడ్ వ్యక్తివాద, సమష్టివాద సమాజాలను కొలిచే సూచికలను ప్రతిపాదించారు. తర్వాత మిషెల్ గెల్‌ఫాండ్ బృందం సమాజాలను ‘బిగుతైనవి’, ‘సడలినవి’ అని వర్గీకరించింది. కట్టుబాట్లు గట్టిగా ఉండి, అతిక్రమణను సహించనివి మొదటి రకం. 2021లో ఆ బృందం 57 దేశాలను పరిశీలించి, 2020 అక్టోబరు వరకు సడలిన సమాజాల్లో కోవిడ్ కేసులు సుమారు ఐదు రెట్లు, మరణాలు ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువని అంచనా వేసింది.

ఈ అధ్యయనాలు ఉపయోగకరమైనవే. కట్టుబాట్లకు, రోగవ్యాప్తికి సంబంధం ఉందని అవి చూపాయి. అయితే వీటి ఆధారంగా సంస్కృతే కారణమని తీర్మానించడానికి రెండు ఆటంకాలున్నాయి. మొదటిది, వ్యక్తివాద సమాజంగా లెక్కింపబడే న్యూజీలాండ్ సరిహద్దులు మూసి, కఠిన నియమాలు పెట్టి తొలి రెండేళ్లలో మరణాలను అతి తక్కువ స్థాయిలో నిలిపింది. రెండవది కాలానికి సంబంధించినది. జపాన్‌లో 2022 ఒక్క సంవత్సరంలో నమోదైన కోవిడ్ మరణాలు అంతకుముందు రెండేళ్ల మొత్తానికి సుమారు రెట్టింపు. ఆ ఏడాదిలో జపాన్ సంస్కృతి మారలేదు. ప్రజలు మాస్కులు తీసివేయలేదు. మారింది వైరస్ రూపం. సడలింది ప్రభుత్వ విధానం. ఒకే విలువలున్న ఒకే దేశం రెండు వేర్వేరు ఫలితాలను చూసినప్పుడు, ఆ విలువలను మాత్రమే కారణంగా చెప్పడం తర్కానికి నిలవదు.

అలాగని సంస్కృతికి పాత్ర లేదనడం కూడా సరికాదు. విలువలు ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ సాధనాలతో పనిచేశాయన్నది చూడవలసి ఉంటుంది.

3. జిషుకు: ఒక మాట చరిత్ర

ఆ కాలమంతా జపాన్ ప్రజాజీవితాన్ని నడిపిన పదం ‘జిషుకు’. తనంతట తాను నిగ్రహించుకోవడం అని దాని అర్థం. ప్రభుత్వ ప్రకటనల్లో అది ‘జిషుకు యోసెయ్’ అనే జంటపదంగా వినిపించింది. ‘యోసెయ్’ అంటే అభ్యర్థన. అంటే స్వచ్ఛందంగా నిగ్రహించుకోవలసిందిగా పైనుంచి వచ్చే అభ్యర్థన. అడిగితే చేసేది స్వచ్ఛందం ఎలా అవుతుందన్న ప్రశ్న ఆ పదబంధంలోనే దాగి ఉంది.

ఈ పదానికి రాజకీయ చరిత్ర ఉంది. 1940 ప్రాంతంలో యుద్ధ సన్నాహాల నడుమ విలాసాలను మానుకోవాలని ప్రజలపై తెచ్చిన ఒత్తిడిలో ఇటువంటి భాషే వాడారు. 1988 శరదృతువులో చక్రవర్తి హిరోహితో మరణశయ్యపై ఉన్నప్పుడు ఉత్సవాలు, విందులు, వినోద కార్యక్రమాలు వరుసగా రద్దయ్యాయి. వాటిని రద్దు చేయాలని ఏ చట్టమూ చెప్పలేదు. 2011 మార్చి భూకంపం, సునామీ తర్వాత కూడా అదే జరిగింది. చెర్రీపూల వేడుకలు చాలాచోట్ల ఆగిపోయాయి. ప్రతిసారీ ఆదేశం కనిపించకుండా ఆచరణ కనిపించింది. 1977లో షిచిహెయ్ యమమోతో తన గ్రంథంలో దీనినే ‘కూకి’ అన్నారు. ‘కూకి’ అంటే గాలి. ఎవరూ నిర్ణయం తీసుకోకున్నా సభలోని గాలి నిర్ణయం తీసుకుంటుందని ఆయన వాదన.

అయితే 2020లో గాలి ఒక్కటే పనిచేయలేదు. పనివేళలు తగ్గించిన, మూసివేసిన చిన్న వ్యాపారాలకు టోక్యో మహానగర పాలకసంస్థ 5 లక్షల యెన్లు, రెండు అంతకుమించి దుకాణాలుంటే 10 లక్షల యెన్లు ‘సహకార ధనం’గా ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం దేశవాసులందరికీ తలా లక్ష యెన్లు పంపింది. మూసి ఉన్న, గుంపులున్న, దగ్గరగా మాట్లాడుకునే చోట్లను విడిచిపెట్టాలన్న ‘మూడు సాంద్రతల’ సూత్రాన్ని శాస్త్రజ్ఞులు తొలి నెలల్లోనే ప్రజలకు అందించారు. గాలిద్వారా రోగం వ్యాపించే తీరును ఇంత సరళంగా ముందుగా చెప్పిన దేశాలు తక్కువ. దశాబ్దాలుగా క్షయ నివారణలో ఆరితేరిన స్థానిక ఆరోగ్యకేంద్రాలు రోగుల సంపర్కాలను వెనక్కు వెతికాయి. నిగ్రహం వెనుక ధనం, విజ్ఞానం, పాలనా యంత్రాంగం ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ‘సంస్కారం’ అనడం వల్ల చేసినవారి శ్రమ మరుగునపడుతుంది.

4. మాస్కు: సంప్రదాయానికి ఉన్న తేదీలు

జపానీయుల మాస్కు అలవాటును పురాతన మర్యాదగా వర్ణించడం పరిపాటి. వాస్తవానికి ఈ అలవాటుకు తేదీలున్నాయి. 1918-20 ఇన్‌ఫ్లుయెంజాలో అధికారిక లెక్కల ప్రకారమే జపాన్‌లో సుమారు 3 లక్షల 90 వేల మంది చనిపోయారు. అప్పుడు హోంశాఖకు చెందిన పారిశుద్ధ్య విభాగం మాస్కు ధరించమని రంగుల గోడపత్రాలతో ప్రచారం చేసింది. అంటే మాస్కు ప్రజలకు పరిచయమైనది ప్రభుత్వ ప్రచారం ద్వారా.

రెండవ ఘట్టం అడవులకు సంబంధించింది. యుద్ధానంతరం కలప అవసరాల కోసం జపాన్ కొండలపై సుగి చెట్లను విస్తారంగా నాటారు. ఆ చెట్లు ఎదిగి పుష్పించేసరికి పుప్పొడి అలర్జీ దేశవ్యాప్త సమస్య అయింది. 1964లో నిక్కో ప్రాంతం నుంచి ఈ అలర్జీని వైద్యులు తొలిసారి నివేదించారు. తర్వాతి దశాబ్దాల్లో ప్రతి వసంతంలోనూ లక్షల మంది మాస్కు పెట్టుకోవడం మామూలైపోయింది. ఒక అటవీ విధానం తెలియకుండానే ఒక ఆరోగ్యపు అలవాటును తయారుచేసింది.

మూడవది మనోధర్మానికి సంబంధించింది. మాస్కు ఇతరుల రక్షణ కోసం ధరిస్తారన్నది సాధారణ విశ్వాసం. 2020లో కజుయా నకయాచి బృందం వెయ్యి మందిని ప్రశ్నించి చేసిన అధ్యయనం వేరే ఫలితాన్ని చూపింది. మాస్కు ధారణతో అన్నిటికంటే బలంగా ముడిపడిన కారణం, ఇతరులు ధరించడం చూసి తామూ ధరించడం. ఇతరులను కాపాడాలన్న ఉద్దేశానికి ఉన్న ప్రభావం స్వల్పం. ఇది జపానీయులను తక్కువ చేసే విషయం కాదు. అనుసరణ ప్రాణాలు కాపాడితే అది మంచి అనుసరణే. అయితే అనుసరణను త్యాగంగా కీర్తించినప్పుడు, అనుసరించలేనివాడు స్వార్థపరుడిగా కనిపిస్తాడు. ఇక్కడే సెకెన్ ప్రస్తావన అవసరమవుతుంది.

5. సెకెన్: లోకం చూపు

జపనీస్‌లో ‘సమాజం’ అనే అర్థంలో వాడే ‘షకాయ్’ మెయ్‌జీ యుగంలో పాశ్చాత్య భావనకు అనువాదంగా స్థిరపడిన మాట. దానికంటే ఎంతో పాతది ‘సెకెన్’. తనను ఎరిగినవారు, ఎరిగే అవకాశమున్నవారు, తన నడతను గమనిస్తూ ఉండేవారు కలిసి సెకెన్. చరిత్రకారుడు కిన్‌యా అబే 1990ల్లో ఈ భావనను విస్తృతంగా చర్చించారు. వ్యక్తి హక్కుల మీద నిలిచే సమాజం వేరనీ, పరస్పర బాధ్యతల, మొగమాటాల మీద నిలిచే సెకెన్ వేరనీ ఆయన వివరించారు.

తెలుగు పాఠకులకు ఈ పదం అపరిచితం కాదు. సంస్కృత ‘లోక’ శబ్దానికి చైనా బౌద్ధ అనువాదకులు వాడిన మాటే జపాన్‌కు చేరి సెకెన్ అయింది. ‘లోకం ఏమంటుందో’, ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనే తెలుగు మాటల్లోని లోకం, నలుగురు అదే చూపుకు పేర్లు. లోకనింద అనే మాటకు తెలుగు సాహిత్యంలో ఉన్న బరువు తెలిసినవారికి సెకెన్ బరువు సులభంగానే అర్థమవుతుంది.

2020 వసంతంలో ఈ చూపు వీధుల్లోకి వచ్చింది. తెరిచి ఉన్న దుకాణాల తలుపులకు బెదిరింపు కాగితాలు అంటించేవారికి, ఇతర ప్రిఫెక్చర్ల నంబరుపలకలున్న కార్లను వేధించేవారికి ‘జిషుకు కెయ్‌సత్సు’, అంటే నిగ్రహ పోలీసులు, అన్న పేరు వచ్చింది. వారికి ఏ ప్రభుత్వమూ అధికారం ఇవ్వలేదు. రోగం సోకిన ప్రసిద్ధ వ్యక్తులు ప్రజలకు క్షమాపణ చెప్పుకున్నారు. ఆస్పత్రి సిబ్బందిని, వారి పిల్లలను దూరంగా ఉంచిన ఘటనలు పత్రికలకెక్కాయి. టోక్యో పాలకులు ‘రాత్రి వీధులు’ అని పేర్కొన్న బార్లు, క్లబ్బుల్లో పనిచేసే యువతీయువకులు రోగానికి చిరునామాగా మారారు.

చట్టం ఈ సిగ్గును ఒక సాధనంగా వాడుకుంది. అభ్యర్థనను పాటించని సంస్థల పేర్లను బహిరంగంగా ప్రకటించే అవకాశం ప్రత్యేక చర్యల చట్టంలో ఉంది. ఆ మేరకు 2020 ఏప్రిల్ 24న ఒసాకా ప్రిఫెక్చర్ ఆరు పాచింకో జూదశాలల పేర్లు ప్రకటించింది. కొన్నింటికి దాని ఫలితం విపరీతంగా వచ్చింది. ఏవి తెరిచి ఉన్నాయో తెలుసుకున్న ఆటగాళ్లు అక్కడికే బారులు తీరారు. సిగ్గు అందరిపైనా సమానంగా పనిచేయదని ఈ ఘటన తెలియజేస్తుంది. పరువు నిలుపుకోవలసిన స్థానం ఉన్నవారిని అది కట్టివేస్తుంది. లోకం అప్పటికే వెలివేసినవారిని అది అంతగా తాకదు.

మూల్యపు లెక్క మరోచోట కనిపిస్తుంది. జపాన్‌లో 2019లో 20,169గా ఉన్న ఆత్మహత్యలు 2020లో 21,081కి పెరిగాయి. ఏటేటా తగ్గుతూ వచ్చిన సంఖ్య 11 ఏళ్ల తర్వాత పెరగడం ఇదే మొదలు. పురుషుల సంఖ్య స్వల్పంగా తగ్గగా, స్త్రీల సంఖ్య 935 పెరిగి 7,026కు చేరింది. ఉద్యోగాలున్న జపాన్ స్త్రీలలో సగానికి పైగా తాత్కాలిక, పాక్షిక కొలువుల్లో ఉన్నారు. హోటళ్లు, దుకాణాలు, సేవారంగం మూతపడినప్పుడు ముందుగా పోయినవి ఆ కొలువులే. ప్రతి మరణానికీ ఒకే కారణాన్ని అంటగట్టడం తగదు. అయినా దేశమంతా కలిసి చేసిన నిగ్రహం భారం దేశమంతటి మీదా సమానంగా పడలేదన్నది ఈ అంకెల వల్ల స్పష్టమవుతుంది.

వివక్ష జపాన్‌కే ప్రత్యేకమైనదని భావించడమూ పొరపాటే. భారతదేశంలో 2020 ఏప్రిల్‌లో వైద్యసిబ్బందిపై దాడులను నివారించేందుకు 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సు ద్వారా సవరించవలసి వచ్చింది. రోగభయం అన్ని సమాజాలకూ సామాన్యం. అది ఏ భాషలో మాట్లాడుతుందన్నదే సంస్కృతి నిర్ణయిస్తుంది.

6. శిక్షలేని చట్టం: హాన్సెన్ వ్యాధిగ్రస్తుల జ్ఞాపకం

జపాన్ చట్టంలో శిక్షలు లేకపోవడానికి ప్రజల విధేయతను కారణంగా చూపడం మరొక సరళీకరణ. దాని వెనుక ఒక గాయం ఉంది. 1907లో మొదలైన కుష్ఠు నివారణ చట్టాలు 1931 నాటికి రోగులందరినీ నిర్బంధంగా వేరుచేసే విధానంగా మారాయి. ‘కుష్ఠు లేని ప్రిఫెక్చర్’ పేరుతో సాగిన ఉద్యమంలో ఇరుగుపొరుగువారే రోగుల ఉనికిని అధికారులకు తెలియజేసేవారు. మందులు అందుబాటులోకి వచ్చిన తర్వాత కూడా 1953 చట్టం నిర్బంధాన్ని కొనసాగించింది. కుటుంబానికి అప్రతిష్ఠ రాకూడదని అనేకులు మారుపేర్లతో జీవితాలు గడిపారు. ఆ చట్టం 1996లో గానీ రద్దు కాలేదు.

2001 మే 11న కుమమోతో జిల్లా న్యాయస్థానం ఈ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చింది. జునిచిరో కోయిజుమి ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. 2019 జూన్‌లో అదే న్యాయస్థానం రోగుల కుటుంబసభ్యులకు కూడా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. కోవిడ్ రావడానికి అప్పటికి ఏడాది కూడా లేదు. 1998లో రూపొందిన అంటువ్యాధుల చట్టపు పీఠికలోనే హాన్సెన్, ఎయిడ్స్ రోగుల పట్ల జరిగిన వివక్ష ప్రస్తావన ఉంది.

2021 ఆరంభంలో, ఆస్పత్రిలో చేరడానికి నిరాకరించే రోగులకు జైలుశిక్ష విధించే ప్రతిపాదన వచ్చింది. వైద్యరంగ సంఘాలు హాన్సెన్ చరిత్రను గుర్తుచేస్తూ అభ్యంతరం చెప్పాయి. ఫిబ్రవరి 3న ఆమోదం పొందిన సవరణలో జైలుశిక్ష తొలగిపోయి, పాలనాపరమైన జరిమానాలు మాత్రం మిగిలాయి. రోగుల పట్ల వివక్షను నివారించే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచే నిబంధన చేరింది. ఈ క్రమాన్ని గమనిస్తే, శిక్షలేని చట్టం సమాజపు సౌమ్యతకు చిహ్నం కాదని, సమాజపు కాఠిన్యాన్ని అనుభవించినవారు పోరాడి సాధించుకున్న హద్దు అని అర్థమవుతుంది.

7. అమాబియె: చూపుకు మరో రూపం

మహమ్మారి కాలంలో జపాన్‌లో మళ్లీ వెలుగుచూసిన బొమ్మ ఒకటి ఈ చర్చకు పూరకంగా నిలుస్తుంది. 1846లో అచ్చయిన ఒక వార్తాపత్రం ప్రకారం హిగో ప్రాంతపు సముద్రంలో పొడవాటి జుట్టు, ముక్కు, పొలుసుల దేహం గల ఒక ప్రాణి కనిపించింది. తన పేరు అమాబియె అని, అంటురోగం వస్తే తన రూపాన్ని గీసి ప్రజలకు చూపమని చెప్పింది. 2020 వసంతంలో వేలమంది ఆ బొమ్మను గీసి సామాజిక మాధ్యమాల్లో పంచుకున్నారు. ఆరోగ్యశాఖ కూడా తన ప్రచారపత్రంలో దానిని వాడుకుంది.

తెలుగు పల్లెల్లో పోలేరమ్మ, ముత్యాలమ్మ వంటి దేవతలకు అంటురోగాలతో ఉన్న సంబంధం ఇక్కడ గుర్తుకు వస్తుంది. అయితే అమ్మవార్లకు జాతర, నైవేద్యం, ఊరంతా కూడటం కావాలి. అమాబియె కోరింది బొమ్మ గీయడం, చూపడం మాత్రమే. ఒంటరిగా ఇంట్లో కూర్చుని చేయగల క్రతువు కనుకనే అది ఆ కాలానికి సరిగ్గా సరిపోయింది. నిగ్రహ పోలీసుల చూపు పొరుగువాడిలో తప్పు వెతికితే, అమాబియె బొమ్మ పొరుగువాడి క్షేమం కోరింది. రెండూ ఒకే సంస్కృతిలోనివే. నాటి హిగో ప్రాంతం నేటి కుమమోతో కావడం యాదృచ్ఛికమే అయినా గమనార్హం. రోగాన్ని దాటించమని బొమ్మ గీసిన నేలమీదనే, రోగి గౌరవాన్ని నిలబెట్టిన తీర్పు వెలువడింది.

8. ముగింపు

జపాన్ అనుభవం పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, సాంస్కృతిక విలువలు ప్రజల ప్రవర్తనను ప్రభావితం చేశాయి. కానీ వాటికి ధనసహాయం, విజ్ఞానం, ఆరోగ్యకేంద్రాల శ్రమ తోడయ్యాయి. వైరస్ రూపం మారినప్పుడు, విధానం సడలినప్పుడు అవే విలువలు మరణాలను ఆపలేకపోయాయి.

రెండు, అనాదిగా ఉన్నట్లు కనిపించే అలవాట్లకు నిర్దిష్టమైన చరిత్ర ఉంది. మాస్కు వెనుక ప్రభుత్వ గోడపత్రాలు, సుగి అడవులు ఉన్నాయి. శిక్షలేని చట్టం వెనుక హాన్సెన్ వ్యాధిగ్రస్తుల పోరాటం ఉంది.

మూడు, లోకభీతి కాపాడిన చోటనే గాయపరిచింది. సోకినవారు, వైద్యసిబ్బంది, రాత్రి కొలువులవారు, తాత్కాలిక ఉద్యోగినులు ఆ గాయాన్ని ఎక్కువగా భరించారు.

2023 మార్చి 13 నుంచి మాస్కు ధారణను వ్యక్తుల ఇష్టానికి వదిలివేస్తున్నట్లు జపాన్ ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాతా చాలామంది మాస్కు తీయలేదు. రోగభయంతో తీయనివారెవరో, లోకభీతితో తీయనివారెవరో బయటినుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు. మూడేళ్లపాటు ఆ రెండు భయాలను ఒకే పేరుతో, సంస్కారం అని, పిలిచారు. తర్వాతి మహమ్మారికి ఏ దేశం తన సంస్కృతి నుంచి బలం తెచ్చుకోవాలనుకున్నా, ఆ రెండింటినీ వేరుచేసి చూడటం తొలి బాధ్యత అవుతుంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న చింతకు, నలుగురికీ ఏమవుతుందోనన్న చింతకు నడుమ ఉన్న తేడా తెలుగు సమాజంతో సహా ప్రతి సమాజమూ ఎరగవలసినది.